రికార్డింగ్ గదిలో ఆడియో సాఫ్ట్‌వేర్‌ను ఆప్ట్ కమాండ్లతో ఎలా చూసుకోవాలి

విజయనగరంలో చిన్న గది అద్దెకు తీసుకుని, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు మైకులు, ఒక కంప్యూటర్ పెట్టుకుని జముకుల కథో, తప్పెటగుళ్లో, పెళ్లి సన్నాయో రికార్డు చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మైకు ఎక్కడ పెట్టాలి, గోడలకు ఏం తగిలించాలి అన్న సంగతులు మనలో అందరూ మాట్లాడుకుంటాం. కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో ఉంది, ఏ ప్లగిన్ (ప్రధాన ప్రోగ్రాంకు తగిలించే చిన్న శబ్ద పరికరం) ఎక్కడి నుంచి వచ్చింది అన్నది మాత్రం, పాత సెషన్ (ఒక రికార్డింగ్ పని మొత్తం దాచిన ఫోల్డరు) ఒకటి తెరుచుకోకుండా మొరాయించినప్పుడే గుర్తొస్తుంది.

అప్పటికి ఆలస్యమైపోతుంది. జముకుల కథ చెప్పేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. పాడిన పెద్దాయన వచ్చి "బాబూ, ఓపాలి ఇనిపించు" అని అడిగితే ఫైలు తెరుచుకోలేదని చెప్పడం చాలా కష్టం. అందుకే రికార్డింగును ఎంత జాగ్రత్తగా దాస్తామో, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ వివరాలను కూడా అంతే జాగ్రత్తగా దాచాలని నా గట్టి నమ్మకం. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ వాడేవాళ్లకు ఈ పని తేలిక, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ చాలావరకు ఒకే దారిలో వస్తుంది, ఒకే దారిలో పోతుంది. ఆ దారి పేరు ఆప్ట్.

ముందుగా ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్లో వాటిని ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. సుడో అంటే ఎస్-యూ-డీ-ఓ, అడ్మిన్ హక్కులతో నడపమని చెప్పే మాట. ఆప్ట్ అంటే ఏ-పీ-టీ. ఆర్డోర్ (పలు ట్రాకులు రికార్డు చేసే ప్రోగ్రాం) అన్నచోట ఏ-ఆర్-డీ-ఓ-యూ-ఆర్ అని కొట్టాలి. సాక్స్ అంటే ఎస్-ఓ-ఎక్స్, ఫ్లాక్ అంటే ఎఫ్-ఎల్-ఏ-సీ, లిల్వ్ అంటే ఎల్-ఐ-ఎల్-వీ, డీపీకేజీ అంటే డీ-పీ-కే-జీ, ఎక్స్ఆర్గ్స్ అంటే ఎక్స్-ఏ-ఆర్-జీ-ఎస్. అడ్డగీత ఒకటి ఉంటే ఒకటి, రెండుంటే రెండు. ఖాళీ ఉన్నచోట ఖాళీ తప్పనిసరి.

ముందు మీ దగ్గర ఏముందో చూడండి

కొత్తది ఎక్కించే ముందు, ఉన్నదేమిటో తెలియాలి. మనలో చాలామంది దగ్గర రెండు కంప్యూటర్లు ఉంటాయి. గదిలో ఒక డెస్క్‌టాప్, బయటికి పట్టుకెళ్లడానికి ఒక పాత ల్యాప్‌టాప్. చిక్కంతా ఈ రెండింటి మధ్యే. ఉదాహరణకు ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉందనుకోండి, డెస్క్‌టాప్‌లో 24.04. శబ్దాన్ని కోసి అతికే ఆడాసిటీ ప్రోగ్రాం కోసం రెండింటిలోనూ మీరు కొట్టింది ఒకే కమాండ్:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆడాసిటీ

కానీ మొదటిదానిలోకి 2.4.2 వస్తుంది, రెండోదానిలోకి 3.4.2 వస్తుంది. ఈ రెండు అంకెల మధ్య పెద్ద గోడ ఉంది. 2021 మార్చిలో వచ్చిన ఆడాసిటీ 3.0 నుంచి ప్రాజెక్టు ఫైలు పద్ధతే మారిపోయింది. అంతకుముందు ఒక చిన్న ఫైలూ, దాని పక్కన వందల ముక్కలున్న ఫోల్డరూ ఉండేవి. ఇప్పుడు ఏ-యూ-పీ-3 అనే ఒకే ఫైలు. కొత్త ఆడాసిటీ పాత ప్రాజెక్టును తెరుస్తుంది. పాత ఆడాసిటీ కొత్తదాన్ని తెరవదు. డెస్క్‌టాప్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టును ల్యాప్‌టాప్‌లో వేసుకుని చీపురుపల్లి వెళ్లి, అక్కడ తెరవబోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కాబట్టి రెండు మెషీన్లలోనూ ఈ కమాండ్ కొట్టి చూడండి:

ఆప్ట్ పాలసీ ఆడాసిటీ ఆర్డోర్

ఇది ఏదీ మార్చదు, చూపిస్తుందంతే. ప్రతి ప్యాకేజీకి (ఆప్ట్ ఎక్కించే ఒక్కో సాఫ్ట్‌వేర్ మూటకు) మూడు సంగతులు చెబుతుంది. ఇన్‌స్టాల్డ్ అన్నచోట ఇప్పుడున్న వెర్షన్, క్యాండిడేట్ అన్నచోట అప్‌గ్రేడ్ చేస్తే వచ్చే వెర్షన్, కింద వెర్షన్ టేబుల్‌లో అది ఏ రిపాజిటరీ (నెట్‌లో ప్యాకేజీలు ఉంచే గిడ్డంగి) నుంచి వస్తోందో. ఈ మూడో వరసను చాలామంది చదవరు. నేను మాత్రం ముందు అదే చూస్తాను. ఎప్పుడో ఎవరో చెప్పారని కలిపిన పీపీఏ (బయటివాళ్లు సొంతంగా నడిపే రిపాజిటరీ) నుంచి ఆర్డోర్ వస్తుంటే, ఆ పీపీఏ నడిపేవాళ్లు ఆపేసిన రోజున మీ ఆర్డోర్ కూడా అక్కడే ఆగిపోతుంది. అధికారిక రిపాజిటరీలో దొరికేదాన్ని అక్కడి నుంచే తీసుకోండి.

ఎక్కించడం

మొదట జాబితా తాజా చేయాలి:

సుడో ఆప్ట్ అప్‌డేట్

ఇది సాఫ్ట్‌వేర్‌ను మార్చదు. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో దొరుకుతుందో ఆ పట్టికను మాత్రమే తెచ్చుకుంటుంది. తర్వాత వెతకండి:

ఆప్ట్ సెర్చ్ రివర్బ్

పేరులోనో వివరణలోనో రివర్బ్ (గది ప్రతిధ్వని) అన్న మాట ఉన్నవన్నీ వస్తాయి. నచ్చినదాని గురించి ఆప్ట్ షో అని కొట్టి, పక్కన ప్యాకేజీ పేరు రాస్తే వివరం మొత్తం వస్తుంది. అందులో డౌన్‌లోడ్ సైజ్ అన్న లైను తప్పకుండా చూడండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. ఫ్లూయిడ్-సౌండ్‌ఫాంట్-జీఎం లాంటి వాయిద్యాల శబ్దాల ప్యాకేజీ ఒక్కటే వంద మెగాబైట్లు దాటుతుంది. రోజుకు ఇంత అని డేటా ఉన్న ప్యాక్ మీద అలాంటివి రెండు మూడు దించితే సాయంత్రానికి నెట్ నత్తనడక నడుస్తుంది.

మన పనికి మొదట అవసరమయ్యేవి ఇవి. పలు ట్రాకులు రికార్డు చేసి కలపడానికి ఆర్డోర్. చిన్న కోతలకు ఆడాసిటీ. ఈక్వలైజర్, కంప్రెసర్, గేట్ లాంటివాటికి ఎల్‌ఎస్‌పీ-ప్లగిన్స్-ఎల్‌వీ2 (ఎల్‌వీ2 అన్నది లినక్స్‌లో వాడే ఒక ప్లగిన్ రకం). లిమిటర్, మీటర్ల కోసం ఎక్స్42-ప్లగిన్స్. ఫైళ్లను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చడానికి సాక్స్. నాణ్యత తగ్గకుండా కుదించి దాచడానికి ఫ్లాక్. ఏ ప్లగిన్లు కనిపిస్తున్నాయో లెక్క చూసుకోవడానికి లిల్వ్-యుటిల్స్. అన్నీ ఒకే వరసలో:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్డోర్ ఆడాసిటీ ఎల్‌ఎస్‌పీ-ప్లగిన్స్-ఎల్‌వీ2 ఎక్స్42-ప్లగిన్స్ సాక్స్ ఫ్లాక్ లిల్వ్-యుటిల్స్

ఎంటర్ కొట్టగానే ఆప్ట్ వెంటనే పని మొదలుపెట్టదు. ఏమేం వస్తాయి, ఎంత దించాలి, డిస్క్‌లో ఎంత చోటు పడుతుంది అని చెప్పి, వై కొట్టమంటుంది. ఆ పట్టికను చదివి అప్పుడు వై కొట్టండి. డేటా మరీ తక్కువగా ఉంటే --నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ అని కలిపితే తప్పనిసరి అయినవి మాత్రమే వస్తాయి. అలా చేస్తే కొన్ని సౌకర్యాలు రాకపోవచ్చు. ఇంట్లో మంచి నెట్ ఉన్నప్పుడు ఇది వాడొద్దు.

ఉబుంటుస్టూడియో-ఆడియో అనే ఒక పెద్ద ప్యాకేజీ ఉంది, అది ఒక్కటి ఎక్కిస్తే ఆడియో సరంజామా అంతా వచ్చేస్తుంది. చూడటానికి సులువే గానీ నేను దాన్ని సిఫారసు చేయను. మీరు వాడనివి చాలా వస్తాయి. ఏది మీ సెషన్‌కు అవసరమో, ఏది కాదో గుర్తు పట్టడం కష్టమవుతుంది. కావలసినవి పేరు పెట్టి ఎక్కించుకుంటే ప్రతి ప్యాకేజీ ఎందుకుందో మీకు తెలుస్తుంది.

ఆడియో ప్రోగ్రాముల మధ్య శబ్దాన్ని నడిపే జాక్‌డీ2 ప్యాకేజీని మీరు వాడితే, అది మొదటిసారి ఎక్కుతున్నప్పుడు టెర్మినల్ మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది, రియల్‌టైమ్ ప్రయారిటీ (శబ్దం పనికి మొదటి ప్రాధాన్యం) కావాలా అని. ఎస్ అనండి. పొరపాటున నో అని ఉంటే సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ జాక్‌డీ2 అని కొడితే మళ్లీ అడుగుతుంది. దాంతోపాటు మీ యూజర్ పేరు ఆడియో గ్రూపులో ఉండాలి:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ ఆడియో మీ-యూజర్-పేరు

ఇందులో ఏ చిన్నది, జీ పెద్దది. ఈ గైడ్ మొత్తంలో పెద్ద అక్షరం వచ్చేది రెండే చోట్ల, ఇది మొదటిది. ఆ చిన్న ఏ మర్చిపోతే మిగతా గ్రూపుల నుంచి మీ పేరు తీసేస్తుంది, సుడో కూడా పనిచేయకుండా పోవచ్చు. కాబట్టి ఎంటర్ కొట్టే ముందు ఇంకోసారి చూడండి. తర్వాత లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి.

ప్లగిన్లు ఎందుకంత ముఖ్యం

జముకు మోతను దగ్గరి నుంచి వినండి. తోలు మధ్యలోంచి బిగించిన తీగను మీటగానే కింది స్థాయిలో ఒక బరువైన గుమ్మని శబ్దం వస్తుంది. దాని మీదే కథకుడి గొంతు నిలబడుతుంది. ఆ కింది శబ్దాన్ని ఎక్కువగా కోస్తే జముకు డబ్బా మోతలా ఉంటుంది, కోయకపోతే గొంతును మింగేస్తుంది. ఆ మధ్య గీత ఎక్కడో చెవితో పట్టుకుని, ఈక్వలైజర్‌లో ఒక చిన్న వంపు గీస్తాం. తప్పెటగుళ్లలో ఇంకో రకం చిక్కు. రొమ్ము మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు. అడుగు ఎగిరి నేల మీద పడ్డప్పుడు గజ్జెలన్నీ కలిసి ఒక్క క్షణం మీటర్‌ను ఎర్రగీత దాటిస్తాయి. దానికి లిమిటర్ కావాలి. ఈ సర్దుబాటు అంతా సౌండ్ ఫైల్లో ఉండదు, సెషన్ ఫైల్లో ప్లగిన్ పేరుతో పాటు అంకెలుగా ఉంటుంది. ఆ ప్లగిన్ లేని కంప్యూటర్లో సెషన్ తెరిస్తే ఆర్డోర్ ఆ స్థానంలో ఖాళీ పెట్టె చూపించి, సర్దుబాటు లేని పచ్చి శబ్దం వినిపిస్తుంది. రాత్రంతా కూర్చుని చెవితో పట్టుకున్న ఆ మధ్య గీత పోయినట్టే.

అందుకే ఎక్కించాక ఒకసారి లెక్క చూసుకోవాలి:

ఎల్‌వీ2ఎల్‌ఎస్

ఈ మాట అంతా కలిపి ఒకటే, మధ్యలో ఖాళీ లేదు. కంప్యూటర్‌కు కనిపిస్తున్న ఎల్‌వీ2 ప్లగిన్లన్నిటి చిరునామాలు వరసగా వస్తాయి. రెండు మెషీన్లలో ఈ జాబితా ఒకేలా ఉందా లేదా అన్నదే మీకు కావలసిన సంగతి. ఆప్ట్‌తో వచ్చినవి /యూఎస్‌ఆర్/లిబ్/ఎల్‌వీ2 ఫోల్డర్లో ఉంటాయి. ఎక్కడి నుంచో దించి చేత్తో పెట్టినవి హోమ్ ఫోల్డర్లో, పేరు ముందు చుక్క ఉన్న ఎల్‌వీ2 ఫోల్డర్లో ఉంటాయి. చేత్తో పెట్టినవాటి సంగతి ఆప్ట్‌కు తెలియదు. వాటిని అది అప్‌గ్రేడ్ చేయదు, తీయదు, లెక్కలో చూపించదు. అలాంటివి రెండు మూడు మించి ఉంటే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. ఆప్ట్ కాకుండా సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఇంకో పద్ధతి అయిన ఫ్లాట్‌ప్యాక్ ద్వారా ఆర్డోర్ ఎక్కించి, ప్లగిన్లు మాత్రం ఆప్ట్‌తో ఎక్కిస్తే ఆ ఆర్డోర్‌కు ఆ ప్లగిన్లు కనిపించవు. ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్ తన పెట్టెలో తానుంటుంది, సిస్టమ్ ఫోల్డర్లను చూడదు. దానికి ప్లగిన్లు కూడా ఫ్లాట్‌ప్యాక్ రూపంలోనే కావాలి. ప్లగిన్ ఎక్కించాను, ఎందుకు రావట్లేదు అని గంటలు గంటలు తల పట్టుకునేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. ఆప్ట్ అయితే అంతా ఆప్ట్, ఫ్లాట్‌ప్యాక్ అయితే అంతా ఫ్లాట్‌ప్యాక్.

మీ గది జాబితా రాసిపెట్టుకోండి

మీరు పేరు పెట్టి ఎక్కించినవేవో ఆప్ట్ గుర్తు పెట్టుకుంటుంది:

ఆప్ట్-మార్క్ షోమాన్యువల్

ఉబుంటుతో పాటు వచ్చినవి కూడా ఇందులో కలిసి ఉంటాయి కాబట్టి జాబితా పొడుగ్గా ఉంటుంది. అందులోంచి ఆడియోకు సంబంధించిన పేర్లు మాత్రమే తీసి, ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో వరసకు ఒకటి చొప్పున రాయండి. ఫైలు పేరు జాబితా అనుకుందాం. వివరణలు, వ్యాఖ్యలు ఈ ఫైల్లో రాయొద్దు, పేర్లు మాత్రమే. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు, లేదా హార్డ్ డిస్క్ పోయి మళ్లీ ఉబుంటు వేసినప్పుడు, ఆ ఫైలు తెచ్చి ఇలా కొడితే చాలు:

ఎక్స్ఆర్గ్స్ -ఏ జాబితా సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్

ఫైల్లో ఉన్నవన్నీ వరసగా ఎక్కుతాయి. ఈ ఒక్క చిన్న ఫైలు కోసం గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి.

గదికి ఒక జాబితా ఉన్నట్టే ప్రతి సెషన్‌కూ ఒక చీటీ ఉండాలి. రికార్డింగ్ పూర్తయిన రోజునే సెషన్ ఫోల్డర్లోకి వెళ్లి ఇది కొట్టండి:

డీపీకేజీ-క్వెరీ -డబ్ల్యూ ఆర్డోర్ ఎల్‌ఎస్‌పీ-ప్లగిన్స్-ఎల్‌వీ2 ఎక్స్42-ప్లగిన్స్ > వెర్షన్లు

పెద్ద అక్షరం వచ్చే రెండో చోటు ఇదే, ఆ డబ్ల్యూ పెద్దది. బాణం గుర్తు తర్వాతిది ఫైలు పేరు. ఒక్కో ప్యాకేజీ, దాని పక్కన కచ్చితమైన వెర్షన్ అందులో చేరతాయి. రెండు సెకన్ల పని. కానీ అయిదేళ్ల తర్వాత ఆ సెషన్ తెరవాల్సి వస్తే ఏం కావాలో ఆ చీటీ చెబుతుంది. డెబియన్ వాడేవాళ్లకు ఇంకో ఊరట ఉంది. 2005 నుంచి వచ్చిన పాత ప్యాకేజీలన్నిటినీ డెబియన్ స్నాప్‌షాట్ సైట్‌లో తేదీల వారీగా దాచి పెట్టారు. వెర్షన్ నంబరు తెలిస్తే అక్కడ వెతికి తెచ్చుకోవచ్చు. నంబరు తెలియకపోతే వేల ఫైళ్లలో వెతుకులాటే.

అప్‌గ్రేడ్ ఎప్పుడు చేయాలి

పని మధ్యలో ఉన్నప్పుడు చేయొద్దు. విజయదశమి దాటిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ పండగ ముందు వారం రోజులు మన గదులకు తీరిక ఉండదు. మైకు అనౌన్స్‌మెంట్లు, భక్తి పాటలు, కళాబృందాల ఆడియో అన్నీ అప్పుడే కావాలంటారు. ఆ రోజుల్లో ఒక్క ప్యాకేజీ కూడా కదపకండి. పండగ అయిపోయాక, చేతిలో ఉన్న సెషన్లన్నీ అప్పగించేశాక, ఒక రోజు కేటాయించి అప్‌గ్రేడ్ చేయండి.

మనం చేయకపోయినా ఉబుంటు తనంతట తాను కొన్ని సెక్యూరిటీ అప్‌డేట్లు ఎక్కించుకుంటుంది. రికార్డింగ్ జరుగుతుండగా అది వెనకాల డౌన్‌లోడ్ మొదలుపెట్టి, డిస్క్‌ను పనిలో పెడితే శబ్దంలో పటపటమని తెగిన చప్పుళ్లు పడే ప్రమాదం ఉంది. రికార్డింగ్‌కే వాడే మెషీన్ అయితే దీన్ని ఆపి, మీరే వారానికోసారి చేయడం మేలు:

సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్

వచ్చిన ప్రశ్నకు నో అనండి. అలాగని సెక్యూరిటీ అప్‌డేట్లు పూర్తిగా మానేయడం తప్పు. అదే కంప్యూటర్లో బ్యాంకు పనులు చేసేవాళ్లయితే మరీ తప్పు. వారానికోసారి అన్నది గట్టిగా పాటించాలి.

అప్‌గ్రేడ్ రోజున ముందు ఉత్తుత్తిగా నడిపి చూడండి:

ఆప్ట్ -ఎస్ అప్‌గ్రేడ్

ఇది నిజంగా ఏమీ చేయదు, చేస్తే ఏమేం మారతాయో చెబుతుంది. ఆ పట్టికలో ఆర్డోర్, మీరు వాడే ప్లగిన్లు, శబ్దాన్ని నడిపే జాక్, పైప్‌వైర్ లాంటి పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే, ఇంకా పూర్తి కాని సెషన్ ఉంటే, వాటిని తాత్కాలికంగా కట్టేయాలి:

సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ ఆర్డోర్ ఎల్‌ఎస్‌పీ-ప్లగిన్స్-ఎల్‌వీ2

ఇప్పుడు ధైర్యంగా సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టవచ్చు. హోల్డ్‌లో ఉన్నవి కదలవు, మిగతావి మారతాయి. ఏవి కట్టి ఉన్నాయో చూడటానికి ఆప్ట్-మార్క్ షోహోల్డ్. సెషన్ పూర్తయ్యాక హోల్డ్ బదులు అన్‌హోల్డ్ అని కొట్టి విడిచిపెట్టండి. హోల్డ్‌ను ఏళ్ల తరబడి వదిలేస్తే తర్వాత దాని చుట్టూ ఉన్న ప్యాకేజీలు కూడా ముందుకు కదల్లేక చిక్కుముడి పడుతుంది.

ఒక ఉబుంటు నుంచి తర్వాతి ఉబుంటుకు మారడం వేరే సంగతి. అప్పుడు దాదాపు అన్నిటి వెర్షన్లూ మారతాయి. ఆర్డోర్ పాత సెషన్‌ను కొత్త వెర్షన్‌లో తెరిచేటప్పుడు పాత సెషన్ ఫైలుకు ఒక కాపీ తీసిపెడుతుంది, అది మంచిదే. కానీ కొత్తదానిలో సేవ్ చేశాక పాత మెషీన్లో తెరుచుకుంటుందన్న భరోసా లేదు. అందుకే ఆ పెద్ద మార్పుకు ముందు ముఖ్యమైన ప్రతి సెషన్‌లోనూ ఒక్కో ట్రాకును విడివిడిగా, మొదటి క్షణం నుంచి చివరి దాకా ఒకే పొడవుతో, వేవ్ ఫైలుగా ఎగుమతి చేయండి. పచ్చి శబ్దం ఒకటి, సర్దుబాటు చేసింది ఒకటి, రెండూ. గొంతు విడిగా, జముకు విడిగా, వంతలు విడిగా. వేవ్ ఫైలును ఏ కంప్యూటర్ అయినా, దాదాపు ఏ ఆడియో సాఫ్ట్‌వేర్ అయినా తెరుస్తుంది. చోటు సరిపోకపోతే:

ఫ్లాక్ --బెస్ట్ --వెరిఫై గొంతు.వేవ్

వేవ్ అన్నచోట డబ్ల్యూ-ఏ-వీ అని మూడు అక్షరాలే. ఫ్లాక్ కుదించిన ఫైలును మళ్లీ విప్పితే మొదటి శబ్దమే, ఒక్క బిట్ తేడా లేకుండా వస్తుంది. ఎంపీ3 అలా కాదు. దాచుకోవడానికి ఎంపీ3 చేయొద్దని చేతులెత్తి మొక్కుతాను. ఈ ఊళ్లో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథలు తలుచుకుంటే, ఆనాటి గొంతులు ఇంకొన్ని మంచి నాణ్యతతో మిగిలి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. వాళ్లకు సాధనాలు లేవు, మనకున్నాయి.

తీసేయడం

వాడని ప్లగిన్లు పేరుకుపోతే ఆర్డోర్ తెరిచేటప్పుడు ఆలస్యం. సుడో ఆప్ట్ రిమూవ్ అంటే ప్రోగ్రాం పోతుంది, సిస్టమ్‌లో దాని సెట్టింగుల ఫైళ్లు ఉంటాయి. పర్జ్ అంటే ఆ సెట్టింగులు కూడా పోతాయి. రెండింటిలో ఏదీ మీ హోమ్ ఫోల్డర్లోని సెషన్లను ముట్టుకోదు. సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ అన్నది మాత్రం చదవకుండా కొట్టకండి. ఇక అవసరం లేదనుకున్నవాటిని అది తీసేస్తుంది, అందులో మీరు రోజూ వాడే ప్లగిన్ కూడా ఉండొచ్చు. ఆ పట్టికలో అలాంటి పేరు కనిపిస్తే ఎన్ కొట్టి ఆపి, సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ అని పక్కన ఆ పేరు రాయండి. ఇక దాని జోలికి రాదు.

నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ చేయట్లేదు అంటే

టెన్షన్ పడి అన్నీ తీసేసి మళ్లీ ఎక్కించకండి. ముందు ఏం మారిందో చూడండి:

లెస్ /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్

ఏ తేదీన, ఏ సమయానికి, ఏ కమాండ్ వల్ల, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో అంతా ఇందులో ఉంటుంది. పెద్ద జీ కొడితే చివరికి వెళ్తుంది, క్యూ కొడితే బయటికి వస్తుంది. లెస్ లోపల నొక్కే మీటలు కాబట్టి ఆ జీని కమాండ్ల లెక్కలో చేర్చలేదు. చివరి నాలుగైదు పేరాలు చదివితే దోషి ఎవరో చాలాసార్లు తెలిసిపోతుంది. పాత వెర్షన్ ఇంకా రిపాజిటరీలో ఉంటే ఆప్ట్ పాలసీ చూపించే టేబుల్‌లో కనిపిస్తుంది. అప్పుడు ప్యాకేజీ పేరు, ఖాళీ లేకుండా సమానం గుర్తు, ఆ వెర్షన్ మొత్తం రాసి ఇన్‌స్టాల్ కొడితే వెనక్కి వెళ్లవచ్చు. వెంటనే హోల్డ్ కూడా పెట్టండి, లేకపోతే తర్వాతి అప్‌గ్రేడ్‌లో మళ్లీ అదే కథ.

నెట్ లేని చోట

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను లేని రోజుల్లో కూడా కొన్ని ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ అందదు. బయటికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌కు నెట్ లేకుండానే సాఫ్ట్‌వేర్ ఎక్కించగలగాలి. దానికి ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే చిన్న ప్యాకేజీ ఉంది. రెండు మెషీన్లలోనూ ముందే ఎక్కించి ఉంచుకోండి. ఉదాహరణకు గిటార్ శబ్దాలు సర్దే గిటారిక్స్ అనే ప్రోగ్రాం కావాలనుకోండి. ల్యాప్‌టాప్‌లో:

సుడో ఆప్ట్-ఆఫ్‌లైన్ సెట్ చీటీ.సిగ్ --ఇన్‌స్టాల్-ప్యాకేజెస్ గిటారిక్స్

ఏమేం కావాలో ఆ చిన్న ఫైల్లో రాసుకుంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో నెట్ ఉన్న మెషీన్‌కు తీసుకెళ్లి:

ఆప్ట్-ఆఫ్‌లైన్ గెట్ చీటీ.సిగ్ --బండిల్ మూట.జిప్

అది దించిన మూటను వెనక్కి తెచ్చి ల్యాప్‌టాప్‌లో సుడో ఆప్ట్-ఆఫ్‌లైన్ ఇన్‌స్టాల్ మూట.జిప్ అనాలి. తర్వాత మామూలుగా సుడో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ గిటారిక్స్. కావలసిన పట్టికను ల్యాప్‌టాపే రాస్తుంది కాబట్టి రెండు మెషీన్లలో ఉబుంటు వేరువేరైనా ఇబ్బంది లేదు. అవతలి మెషీన్లో ఎక్కిన ప్యాకేజీ ఫైళ్లను ఊరికే కాపీ చేసి తెస్తే ఏదో ఒకటి తక్కువైందని ఆగిపోయే అవకాశం ఎక్కువ.

ఇంకో చిన్న ఉపాయం. ఆప్ట్‌తో ఎక్కిస్తే దించిన ఫైళ్లను పని కాగానే తీసేస్తుంది. ఆప్ట్-గెట్ అని కొడితే అవి /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్ ఫోల్డర్లో ఉండిపోతాయి. మీరు నమ్ముకున్న వెర్షన్ల ఫైళ్లను అక్కడి నుంచి తీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. తర్వాత చోటు కోసం సుడో ఆప్ట్ క్లీన్.

మధ్యలో కరెంటు పోతే

యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో అప్‌గ్రేడ్ సగంలో ఉండగా కరెంటు పోవడం మనకు కొత్త కాదు. తిరిగి వచ్చాక ఆప్ట్‌తో ఏది ఎక్కించబోయినా డీపీకేజీ (ఆప్ట్ వెనక ప్యాకేజీలను ఎక్కించే పనిముట్టు) మధ్యలో ఆగిపోయింది అని మొండికేస్తుంది. మళ్లీ ఉబుంటు వేయాల్సిన పని లేదు. ఈ రెండూ వరసగా కొట్టండి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ

సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

మొదటిది సగంలో ఉన్నవాటిని పూర్తి చేస్తుంది, రెండోది తక్కువైనవాటిని తెచ్చి అతుకుతుంది. లాక్ దొరకలేదు అని వస్తే మాత్రం అది వేరే సంగతి. వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందని అర్థం, కాసేపు ఆగితే చాలు. లాక్ ఫైలును డిలీట్ చేయమని ఎవరు చెప్పినా చేయకండి, అప్పుడే నిజంగా పాడవుతుంది.

రెండు కమాండ్లూ అయ్యాక ఎల్‌వీ2ఎల్‌ఎస్ కొట్టి ప్లగిన్లన్నీ ఉన్నాయా చూసి, ఒక పాత సెషన్ తెరిచి నిమిషం సేపు వినండి. ఖాళీ పెట్టె ఏదైనా కనిపిస్తే దాని పేరుతో ఆప్ట్ సెర్చ్ కొట్టి, ఏ ప్యాకేజీ లోపించిందో చూసి, దాన్ని మళ్లీ ఎక్కించి, మీ జాబితాలో లేకపోతే అక్కడ కూడా చేర్చండి.